ఈజిప్టు బొమ్మ అంటే పిరమిడ్లు కాకుండా ఇంకేం గీయాలి?

గోదారిగట్టు:

అందరికీ నమస్తే. నేను కువైట్‌లో ఒక చిన్న ప్రింటింగ్ షాపులో డిజైనర్‌గా పని చేస్తున్నాను, ఆరేళ్ళయ్యింది. మెనూ కార్డులు, బోర్డులు, పార్సిల్ డబ్బాల మీద స్టిక్కర్లు, మా దగ్గరికి ఇవే ఎక్కువ వస్తాయి. పోయిన నెల ఈజిప్టు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒకాయన వచ్చాడు, కొషరీ హోటల్ పెడుతున్నాడట, లోగో, మెనూ, లోపల ఒక గోడ మొత్తానికీ బొమ్మ కావాలన్నాడు. కొషరీ తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా: అన్నం, మసూర్ పప్పు, మాకరోనీ, శనగలు కలిపి, పైన టమాటా పులుసు, కరకరలాడే వేయించిన ఉల్లిపాయలు వేసి ఇస్తారు. మన కిచిడీయే అక్కడికి చేరి అలా మారిందని చాలామంది అంటారు.

మూడు రాత్రులు కూర్చుని పిరమిడ్లు, స్ఫింక్స్, తూతన్‌ఖామున్ ముఖం, నలుపు మీద బంగారు రంగు, అన్నీ పెట్టి గీశాను. ఆయన చాలాసేపు చూసి, "పని బాగుంది, కానీ ఇది ఎయిర్‌పోర్టులో అమ్మే ఈజిప్టు, మా వీధి ఇలా ఉండదు" అన్నాడు. కోపంగా అనలేదు, మామూలుగానే అన్నాడు. అదే నాకు ఇంకా గుచ్చుకుంది. మన ఊరి టిఫిన్ సెంటర్ గోడ మీద ఎవరైనా తాజ్‌మహల్ గీసి ఇస్తే నాకూ అలాగే అనిపిస్తుంది కదా.

ఇప్పుడు రెండు వారాల టైమ్ ఇచ్చాడు. ఈజిప్టులో ఈమధ్య పని చేస్తున్న డిజైనర్లు, బొమ్మలు వేసేవాళ్ళు తమ ఊరిని ఎలా చూపిస్తున్నారు? దేని నుంచి తీసుకుంటున్నారు? అరబిక్ అక్షరం ఏది వాడాలి? నాకు అరబిక్ కూడబలుక్కుని చదవడం వచ్చు, అందంగా రాయడం రాదు. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి, నిజంగా టెన్షన్‌గా ఉంది.

నైలుఒడ్డున:

నేను ఉద్యోగం మీద కైరోలో నాలుగేళ్ళు ఉన్నాను. డిజైనర్‌ని కాదు, కానీ ఆ వీధులంటే ప్రాణం, అందుకే రాస్తున్నా. మీ హోటల్ ఆయన చెప్పిన "మా వీధి" అంటే ఏంటో నాకు బాగా అర్థమైంది.

కైరోలో పాత పేటల్లోకి వెళ్తే కళ్ళకి మొదట కనిపించేది అక్షరాలే. దుకాణం బోర్డు, చెరకు రసం షాపు అద్దం, ఉడకబెట్టిన బాకలా గింజలు (ఫూల్ అంటారు) అమ్మే చెక్క బండి, లారీ వెనకభాగం, అన్నిటి మీదా చేత్తో రాసిన రాతలు. దిష్టి తగలకుండా అరచేయి, కన్ను, నీలం పూస. మన లారీల వెనక కళ్ళు, నిమ్మకాయలు, సూక్తులు ఉంటాయే, అదే మనసు, గీత మాత్రం వేరు. నోహా జాయెద్, బస్మా హమ్దీ అని ఇద్దరు ఈజిప్టు అంతా తిరిగి తీసిన ఇలాంటి వీధి రాతల ఫోటోలతో 2018లో ఒక పుస్తకం తెచ్చారు, పేరు "ఖత్", అంటే గీత లేదా రాత. దొరికితే ముందు అది తిరగేయండి. మీ గోడకి సగం ఆలోచన అందులోనే దొరుకుతుంది.

ఇంకోటి ఖయామియా. కైరో పాత కోట గుమ్మం బాబ్ జువైలాకి ఎదురుగా పైకప్పున్న ఒక బజారు ఉంది, డేరాలు కుట్టేవాళ్ళ వీధి. మగవాళ్ళు కూర్చుని రంగు గుడ్డ ముక్కలు కత్తిరించి మందపాటి గుడ్డ మీద చేత్తో కుడుతుంటారు, చక్రాలు, తామరలు, పక్షులు. ఆ డిజైన్‌నే ఇప్పుడు ఎరుపు నీలం రంగుల్లో ప్రింట్ గుడ్డగా వేస్తున్నారు, రంజాన్ వస్తే వీధి వీధంతా ఆ గుడ్డలు, ఫానూస్ లాంతర్లు కడతారు. ఈజిప్టు వాళ్ళకి ఆ గుడ్డ చూస్తే చాలు, ఇల్లు గుర్తొస్తుంది.

మౌలిద్ బొమ్మ కూడా ఉంది. ప్రవక్త పుట్టినరోజు పండక్కి పంచదార పాకం అచ్చుల్లో పోసి ఆడబొమ్మ, గుర్రమెక్కిన వీరుడు చేస్తారు, ఆడబొమ్మ వెనక రంగు కాగితాల విసనకర్రలు పెడతారు. మన పెళ్ళిళ్ళలో పంచదార చిలకలు చూసినవాళ్ళకి ఆ అచ్చు పని వెంటనే తెలుస్తుంది. ఇప్పుడు ప్లాస్టిక్ బొమ్మలే ఎక్కువైపోయాయి, అది చూస్తే నాకు బాధగా ఉంటుంది.

దక్షిణాన లక్సోర్ వైపు పల్లెల్లో అయితే హజ్ యాత్ర చేసి వచ్చిన వాళ్ళ ఇంటి గోడ మీద కాబా, ఓడ, విమానం గీయిస్తారు. ఆ ఊరి చేతి పనే. విమానం ఇంటి తలుపుకంటే చిన్నది, పక్కన మనిషి విమానంకంటే పెద్దవాడు, అయినా చూస్తుంటే ఆ ఇంట్లోవాళ్ళ సంతోషం కనిపిస్తుంది.

అక్షరాలపిచ్చి:

పై సమాధానం చాలా బాగుంది. నేను హైదరాబాద్‌లో అక్షరాల పని చేస్తాను, తెలుగుతో పాటు ఉర్దూ బోర్డులు కూడా చేశాను కాబట్టి అరబిక్ లిపి గురించి నాలుగు మాటలు.

ముందు సాఫ్ట్‌వేర్. కొన్ని డిజైన్ ప్రోగ్రాముల్లో అరబిక్ పేస్ట్ చేస్తే అక్షరాలు విడివిడిగా, ఎడమ నుంచి కుడికి తిరగబడి వస్తాయి. పాత ఫోటోషాప్‌లో మన వత్తులు విడిపోయి పక్కకి పడేవి గుర్తుందా, అదే జబ్బు. సెట్టింగ్స్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేస్తే కలుస్తాయి. అలా విరిగిన అక్షరాలతో బోర్డు ప్రింట్ అయిపోతే ఆ షాపు ముందు నుంచి వెళ్ళే ప్రతి అరబ్బు మనిషికీ అది తగులుతుంది. ఇంగ్లిష్‌కి చేసినట్టు అక్షరాల మధ్య దూరం పెంచకండి, అరబిక్ కలిపి రాసే లిపి, కావాలంటే కలిపే గీతనే సాగదీస్తారు.

రెండోది ఈజిప్టు వాళ్ళ అలవాటు. మాట చివర వచ్చే "యా" అక్షరానికి కింద రెండు చుక్కలు ఉంటాయి కదా, ఈజిప్టులో ఆ చుక్కలు పెట్టకుండా రాయడమే వాడుక. కొషరీ అనే మాట చివర సరిగ్గా ఆ అక్షరమే వస్తుంది! చుక్కలు పెడితే తప్పేమీ కాదు, కానీ చుక్కల్లేకుండా రాస్తే ఆయన చూసిన వెంటనే మా ఊరి రాత అంటాడు. ధరలకి కూడా అక్కడి అంకెలే వాడండి, మెనూ వరసలు కుడి నుంచి మొదలుపెట్టండి.

ఫాంట్ల సంగతి. మామూలు చేతిరాతకీ షాపు బోర్డులకీ అక్కడ బాగా వాడేది రుకా శైలి: పొట్టిగా, బరువుగా ఉంటుంది, మాట ఎడమకి పోయేకొద్దీ కిందికి వాలుతుంది, రెండు చుక్కల్ని ఒక చిన్న గీతగా కలిపేస్తారు. ఆరెఫ్ రుకా అని ఉచిత ఫాంట్ ఉంది, బోర్డుకి అది చూడండి. మెనూలో చిన్న అక్షరాలకి అమీరీ, ఇది ఖాలెద్ హొస్నీ అనే ఈజిప్టు ఆయన చేసి ఉచితంగా ఇచ్చిన ఫాంట్, కైరోలోని బూలాక్ ప్రభుత్వ ముద్రణాలయంలో 20వ శతాబ్దం మొదట్లో పోసిన సీసం అక్షరాల్ని చూసి మళ్ళీ గీసినది. ఆధునికంగా కావాలంటే కైరో అనే పేరుతోనే మొహమ్మద్ గాబర్ చేసిన ఫాంట్ ఉంది, వెబ్‌సైట్లలో మీరు చూసే ఉంటారు. ఒక నగరం పాత అచ్చు అక్షరాన్ని ఒక మనిషి కూర్చుని మళ్ళీ బతికించి ఊరికే ఇచ్చేశాడంటే అది మామూలు పని కాదండి, తెలుగులో ఒక్క మంచి ఫాంట్ కోసం మనం ఎంత వెతుక్కుంటామో ఈ పని చేసేవాళ్ళకి తెలుసు.

అక్షరంతో ఎంత దూరం వెళ్ళొచ్చో తెలియాలంటే బహియా షెహాబ్ పని చూడండి. కైరోలోని అమెరికన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతారు. అరబిక్‌లో "వద్దు" అనే మాటకి రెండే అక్షరాలు, లామ్, అలిఫ్. స్పెయిన్ నుంచి చైనా సరిహద్దు దాకా మసీదు గోడల మీద, కుండల మీద, పుస్తకాల్లో ఆ మాట ఎన్ని రూపాల్లో ఉందో వెతికి 1000 రూపాలు పోగుచేశారు, 2010లో మ్యూనిక్‌లో ప్రదర్శనగా పెట్టారు. మరుసటి ఏడు ఈజిప్టులో జనం ప్రభుత్వం మీద తిరగబడి విప్లవం వచ్చాక అవే "వద్దు"లని స్టెన్సిల్ చేసి కైరో గోడల మీద స్ప్రే చేశారు: సైనిక పాలన వద్దు, హింస వద్దు. మ్యూజియం కోసం ఏరిన అక్షరాలు అలా వీధికి పనికొచ్చాయి. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

పాలపిట్ట:

బొమ్మల కథలు చదివే అలవాటుంది కాబట్టి నా వంతు. టోక్‌టోక్ అనే పత్రిక 2011 జనవరిలో, విప్లవానికి కొద్ది రోజుల ముందు కైరోలో మొదలైంది. షెన్నావీ, ఆండీల్, మఖ్లూఫ్ లాంటి బొమ్మలు వేసేవాళ్ళు కలిసి తెచ్చారు. పేరు మన ఆటో లాంటి బండిదే, అక్కడ పేదల పేటల్లో సందుల్లో తిరిగేది అదే. ఆ బొమ్మల్లో కారే పైపులు, మేడల మీద డిష్ యాంటెన్నాలు, బనీనుతో బాల్కనీలో కూర్చున్న ముసలాయన, కాఫీ హోటల్లో ప్లాస్టిక్ కుర్చీలు, అన్నీ ఉంటాయి. అందంగా చేద్దామని ఏదీ తుడిచెయ్యలేదు.

దీనా మొహమ్మద్ వేసిన "శుబేక్ లుబేక్" తప్పకుండా చదవండి. మొదటి భాగానికి 2017లో కైరో కామిక్స్ పండగలో పెద్ద బహుమతి వచ్చింది, 2023లో ఇంగ్లిష్‌లో కూడా వచ్చింది. కోరికల్ని సీసాల్లో పెట్టి అమ్మే లోకం, కానీ అమ్మేది ఎక్కడ? కైరో వీధిలో చిప్స్ ప్యాకెట్లు, కూల్‌డ్రింకులు వేలాడే మామూలు బడ్డీ కొట్టులో. భూతం, కోరిక అనే అరేబియన్ కథని ఆమె తీసుకెళ్ళి బడ్డీ కొట్టులో పెట్టింది, నాకు మొత్తం పుస్తకంలో అదే ఎక్కువ నచ్చింది. ఇంగ్లిష్ పుస్తకం కూడా కుడి నుంచే తిప్పాలి. మీ గోడ మీద కూడా మనుషులు నడుస్తున్నా, బండి వస్తున్నా కుడి నుంచి ఎడమకి వచ్చేలా ఆలోచించండి, వాళ్ళ కన్ను అలా కదులుతుంది.

వీళ్ళకి ముందు తరంలో ఇద్దరు పెద్దవాళ్ళున్నారు. హెల్మీ ఎల్ తూనీ: పెద్ద కళ్ళ ఆడవాళ్ళు, చేపలు, పక్షులు, పైన చెప్పిన మౌలిద్ బొమ్మ, జానపద బొమ్మల్లోంచే మొత్తం తన గీత కట్టుకున్నాడు, నగీబ్ మహఫూజ్ నవలలకి ఈయన వేసిన అట్టలు ఈజిప్టులో ఇంటింటికీ తెలుసు. రెండోవాడు మొహియెద్దీన్ ఎల్లబ్బాద్ (1940–2010), పిల్లల పుస్తకాలు, అచ్చు డిజైన్, బొమ్మల మీద విమర్శ, అన్నీ చేశాడు. చిన్నప్పుడు తన చేతిలో పడ్డ చిన్న చిన్న కాగితాల్ని కూడా విలువైనవిగా చూసిన మనిషి. మన దగ్గర పాత అగ్గిపెట్టె లేబుళ్ళు దాచేవాళ్ళుంటారే, అలాంటి కన్ను.

కొండపల్లి_చెక్క:

ఒక్క విషయంలో నేను ఒప్పుకోను. ఫరోల (పాత ఈజిప్టు రాజుల) కాలం బొమ్మ గీస్తే అది టూరిస్టుల కోసమే అన్నట్టు పోతోంది ఈ చర్చ. అలా కాదు. శిల్పి మహమూద్ ముఖ్తార్ చేసిన "ఈజిప్టు మేలుకొలుపు" విగ్రహం 1928లో ఆవిష్కరించారు, స్ఫింక్స్ పక్కన ముసుగు పైకెత్తుతున్న రైతు స్త్రీ నిలబడి ఉంటుంది. 2012లో కైరోలో విప్లవం జరిగిన తహ్రీర్ కూడలి పక్కన మొహమ్మద్ మహమూద్ వీధి గోడల మీద "అలా అవద్" అనే పేరున్న లక్సోర్ చిత్రకారుడు పాత సమాధుల గోడల మీద ఉండే శవయాత్ర స్త్రీల వరసని గీశాడు. పోర్ట్ సయీద్ స్టేడియంలో ఫుట్‌బాల్ మ్యాచ్ దగ్గర గొడవలో 70 మందికి పైగా చనిపోయిన రోజుల్లో, ఆ ఏడుపు ఎవరి కోసమో అక్కడ నడిచే ప్రతి మనిషికీ తెలుసు. మూడు వేల ఏళ్ళ నాటి గీత ఆ వారం వార్తలా కనిపించింది. అదే ఏడాది సెప్టెంబరులో సిబ్బంది రంగు పూసి చెరిపేశారు.

అదే ఫరో బొమ్మ చెడిపోయిన కథ కూడా ఉంది. 2022లో కైరో మెట్రో మూడో లైనులో ఒక స్టేషన్‌లో పురాతన ఈజిప్టు మనుషులతో పెద్ద చిత్రాలు పెట్టారు. కొన్ని తన పెయింటింగుల్లోంచి తీసుకున్నవని కురాసోవ్ అనే రష్యన్ చిత్రకారుడు చెప్పాడు, గొడవ పెద్దదై నడిపే సంస్థ క్షమాపణ చెప్పి తీసేసింది. సొంత ఊరి స్టేషన్‌లో సొంత పూర్వీకుల బొమ్మలు, కానీ చూసిన కన్ను వేరే దేశానిది. కాబట్టి గోదారిగట్టు గారూ, నెట్‌లో దొరికిన "ఈజిప్టు ప్యాటర్న్" దించేసే ముందు అది ఎవరు గీశారో చూడండి. ఈజిప్టులో బతికున్న డిజైనర్ పనిని అచ్చంగా దించితే ఆ హోటల్ ఆయనకి కూడా చెడ్డపేరు.

గోదారిగట్టు:

అందరికీ చాలా చాలా థాంక్స్. ఇంత రాస్తారని అనుకోలేదు. మూడు రోజులు ఆగి రాస్తున్నా, ఎందుకంటే ముందు ఆయన దగ్గరికి మళ్ళీ వెళ్ళాను, ఈసారి ల్యాప్‌టాప్ తీసుకెళ్ళలేదు. మీ వీధి ఎలా ఉండేదో చెప్పండి అని అడిగి కూర్చున్నా. రెండు గంటలు చెప్పాడు. ఆయనది కైరోలో షుబ్రా అనే పేట అట. సైకిల్ తొక్కుతూ నెత్తి మీద చెక్క పలకంత రొట్టెల బల్ల ఒక చేత్తో పట్టుకుని ట్రాఫిక్‌లో దూరిపోయే కుర్రాడు, కొషరీ షాపులో గరిటెతో గిన్నె అంచు మీద టకటకా కొట్టే చప్పుడు, అది వినే జనం లోపలికి వస్తారట. ఈజిప్టు వాళ్ళు రొట్టెని "ఐష్" అంటారు, ఆ మాటకి బతుకు అని కూడా అర్థం అని ఆయనే చెప్పాడు.

గోడకి ఇప్పుడు స్కెచ్ ఇలా ఉంది: కుడివైపు నుంచి రొట్టెల సైకిల్ వస్తుంది, మధ్యలో పెద్ద గిన్నెల వెనక గరిటె ఎత్తిన చెయ్యి, చప్పుడుని అక్షరాలుగా రాసి గిన్నెల చుట్టూ తిప్పాను, పైన అంచుకి ఖయామియా చక్రాలు నేనే సొంతంగా కాగితం కత్తిరించి అతికించి చేసినవి. పిరమిడ్ లేదు. కొషరీ అని రుకాలో, చివర చుక్కల్లేకుండా రాసి చూపిస్తే, ఆయన వేలితో ఆ చివరి అక్షరాన్ని తడిమి ఏమీ మాట్లాడలేదు, ఫోటో తీసి వాళ్ళ అన్నయ్యకి పంపాడు.

నైలుఒడ్డున:

సైకిల్ కుర్రాడు! 2011లో గంజీర్ అనే ఆయన కైరోలో వంతెన కింద గీసిన పెద్ద బొమ్మలో నిజం సైజు యుద్ధట్యాంకు ఎదురుగా వచ్చేది సరిగ్గా ఈ రొట్టెల సైకిలే. మీ గీత దానిలా రాకుండా చూసుకోండి, బల్ల పట్టుకున్న చెయ్యి, తల వంపు మీరు సొంతంగా గీయండి. ఆ బల్ల ఈత మట్టలతో అల్లినట్టు జాలీలా ఉంటుంది, మూసేసిన పెట్టెలా గీయకండి.

గోదారిగట్టు:

జాలీ సంగతి చెప్పి మంచి పని చేశారు, నేను పలకలాగే గీశాను, ఈ రాత్రే మారుస్తా. ఇంకో సాయం: బోర్డు మాత్రం ఫాంట్‌తో ప్రింట్ కాకుండా చేత్తో రాయించాలని ఆయన పట్టుబట్టాడు, నాకూ అదే ఇష్టం. కువైట్‌లో రుకా బాగా రాసే బోర్డు పెయింటర్ ఎవరైనా తెలిస్తే ఇక్కడ చెప్పండి, ఫర్వానియా, హవల్లీ వైపు అయితే మరీ మంచిది. బోర్డు 3 మీటర్ల పొడవు, మీటరు ఎత్తు, వచ్చే గురువారం లోపు కావాలి.