ఈ వారం సమస్య: రెచ్చగొట్టువాఁడె మెచ్చు సఖుఁడు

నిర్వాహకుడు: ఆటవెలది పద్యానికి నాలుగో పాదం ఇచ్చాను, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. యతి (పాదంలో అక్షరాల మైత్రి) ఎక్కడని అడగకండి, రెచ్చ–మెచ్చ ప్రాసయతి, అంటే రెండో అక్షరాలు కలవడం. కలంపేరుగా మీ పేట పేరు చాలు. చిక్కంతా మొదటి మాటలోనే ఉంది. రెచ్చగొట్టేవాణ్ణి లోకం తగవులమారి అంటుంది, వాణ్ణి స్నేహితుడిగా నిలబెట్టాలి.

పెదవాల్తేరు:

కడలి గట్టు మీఁదఁ గపివరుల్ దిగులొంద
గాలిపట్టి యుండెఁ గదలకుండ
జాంబవంతుఁ డపుడు శౌర్యముఁ దలపించె
రెచ్చగొట్టువాఁడె మెచ్చు సఖుఁడు

నిర్వాహకుడు: గాలికి పుట్టిన హనుమంతుడు కదలకుండా కూర్చోవడం, రెండో పాదం భలే పడింది. కానీ కిష్కింధకాండ చివర్లో జాంబవంతుడు చేసిందేమిటి? పుట్టుక గుర్తుచేశాడు, పసితనంలో సూర్యుడి మీదికి ఎగిరిన కథ చెప్పాడు, ఇంద్రుడి వజ్రం తగిలి దవడ విరిగిన సంగతి చెప్పాడు. అంతా పొగడ్తే. అది ఉత్సాహపరచడం, పురికొల్పడం. రెచ్చగొట్టాలంటే ఎక్కడో ఒక ముల్లు గుచ్చుకోవాలి. పద్యానికి పూర్తి మార్కులు, పూరణకు సగం.

మద్దిలపాలెం: ముల్లు కావాలన్నారుగా, తీసుకోండి.

విల్లు జారి పడఁగ వెలవెలఁ బోయెడు
క్రీడిఁ గాంచి శౌరి కినుకఁ బూని
పిఱికితనము వలదు వీరుఁడా లెమ్మనె
రెచ్చగొట్టువాఁడె మెచ్చు సఖుఁడు

పెదవాల్తేరు: ఇది కుదిరింది మాస్టారూ. గీత రెండో అధ్యాయం మూడో శ్లోకంలో ‘క్లైబ్యం’ (పౌరుషం లేకపోవడం) అన్న మాట వీరుడి ముఖం మీద కొట్టినట్టే ఉంటుంది. అయితే ‘కినుక’ ఎక్కడిది? పదో శ్లోకంలో కృష్ణుడు ‘ప్రహసన్నివ’, నవ్వుతున్నట్టుగా మాట్లాడాడని ఉంది.

మద్దిలపాలెం: అర్జునుడి పేరు ‘క్రీడి’కి యతి కుదరాలి కదండీ! ‘కిలకిల నగి’ అని పెట్టమంటారా?

నిర్వాహకుడు: వద్దు బాబూ, కురుక్షేత్రం కామెడీ అయిపోతుంది. క్రీడిని వదిలేసి నరుణ్ణి తెచ్చుకోండి, అతడూ అర్జునుడే: ‘నరునిఁ గాంచి శౌరి నవ్వినట్లు’. శ్లోకంలోని ‘ఇవ’ (అన్నట్టుగా) కూడా వచ్చేసింది. శ్లోకాల వరుస కాస్త అటూ ఇటూ అయినా పద్యానికి నష్టం లేదు. కోపంతో అంటే తిట్టు, నవ్వుతూ అంటే చురక. సఖుడి నోట చురకే పనిచేస్తుంది.

గాజువాక: మన ఊరి మీద ఒకటి.

ఉక్కు మనకు హక్కు దిక్కులు మ్రోగఁగా
నన్న పిలుపు వినఁగ నాంధ్ర జనులు
వీధి కుఱికినారు వెనుకంజ వేయక
రెచ్చగొట్టువాఁడె మెచ్చు సఖుఁడు

భీమిలి: చదువుతుంటే ఒళ్లు గగుర్పొడిచింది. కానీ ఇక్కడ ‘వాఁడె’ ఎవరు? పిలుపు ఉంది, పిలిచినవాడు లేడు.

నిర్వాహకుడు: నా అభ్యంతరం కూడా అదే, ఇంకొకటి కూడా. విశాఖలో ఉక్కు కర్మాగారం కోసం జరిగిన ఉద్యమంలో 1966 నవంబరు 1న పోలీసు కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయని చెబుతారు. వాళ్లను ఎవరో రెచ్చగొట్టారనడం ఎదుటి పక్షం వాదనలా వినిపిస్తుంది. అమృతరావు గారి నిరాహారదీక్ష జనాన్ని కదిలించింది, నినాదం ఉర్రూతలూగించింది. ఈ రెండు మాటలూ అక్కడ ఒప్పుతాయి, సమస్యలోని మాట ఒప్పదు. పద్యాన్ని మాత్రం పారేయకండి, నాలుగో పాదం మార్చి విడిగా దాచుకోండి.

గాజువాక: నిజమే. దీన్ని పోటీలోంచి తీసేస్తున్నాను.

భీమిలి: నాది మొదటి ప్రయత్నం, తప్పులుంటే చెప్పండి.

బద్ధకించి పడక వదలని నన్నుఁ దా
నీకుఁ జేత కాదు నిద్రపొమ్ము
అనుచు బీచిరోడ్డు నంతయు నుఱికించె
రెచ్చగొట్టువాఁడె మెచ్చు సఖుఁడు

నిర్వాహకుడు: పురాణం లేదు, పోరాటం లేదు, అయినా ఈ వారం దీనికే నా ఓటు. ‘నీకు చేతకాదు’ అనిపించుకున్నాక పక్కమీద ఉండగలిగే తెలుగువాడు ఎవడు? ఒక్క దోషం: ‘పొమ్ము’ తర్వాత ‘అనుచు’ విసంధి, అంటే చేయాల్సిన సంధి చేయలేదు. ఉత్తుకు (పొట్టి ఉకారానికి) అచ్చు పరమైతే సంధి నిత్యం, తప్పదు. ‘నిద్రపోర / యనుచు’ అనండి, ‘ర’తో చనువు కూడా వస్తుంది.

భీమిలి: ధన్యవాదాలు గురువుగారూ. ‘బీచిరోడ్డు’ తీసేసి ‘కడలిబాట’ అని పెట్టనా?

నిర్వాహకుడు: ఆ బాట ఎక్కడుందని ఏ ఆటోవాడినైనా అడిగి చూడండి. బీచిరోడ్డే ఉంచండి.