సాగర్‌ల పొగమంచు: చిన్న తెరచాప పడవకు జీపీఎస్సా, రాడారా?

ప్రశ్న (హాలియా): అన్నలూ, పదహారు అడుగుల తెరచాప పడవ. చలికాలం పొద్దుగాల నాగార్జునసాగర్ నీళ్ల మీద పొగమంచు కమ్మితే ఒడ్డు కనవడ్తలేదు. రాడార్ పెట్టాలెనా, జీపీఎస్ సాలుతదా?

జవాబు (పెద్దవూర): రాడార్ వద్దు తమ్మీ. కరెంటు బాగ గుంజుతది, అంత చిన్న పడవల ఎత్తుకు బిగించే జాగ ఉండదు. లోతు చూపే సోనార్ కలిసున్న ఐదంగుళాల జీపీఎస్ ప్లాటర్ (మ్యాపు మీద పడవ ఏడ ఉందో చూపే తెర) తీస్కో. దాదాపు ఒక ఆంపియర్ తింటది. 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) లెడ్ బ్యాటరీ ఛార్జిని సగం కంటె కిందికి దించొద్దు, అంటే మూడు గంటలే. బ్యాటరీ ప్లస్ పక్కనే 3 ఆంపియర్ల ఫ్యూజ్ ఎయ్యి.

జవాబు (దేవరకొండ): మ్యాపుల గీసిన ఒడ్డును నమ్మొద్దు. సాగర్ నిండితే నీటిమట్టం సముద్రమట్టానికి 590 అడుగుల ఎత్తుల ఉంటది. నీళ్లు దిగినంక మునిగిన గుట్టలు పైకొస్తయ్. మంచు లేని రోజు లోతు చూసుకుంట తిరిగి ట్రాక్ (పోయిన దారి గీత) సేవ్ చెయ్యి. ఎదురుగాలికి వంకరటింకరగ పోవాలె గదా, ఒక్క గీత సాలదు, రెండు దిక్కులా లోతు తెల్వాలె. దిక్సూచి తప్పనిసరి. పడవ బాగ మెల్లగైతే జీపీఎస్ చూపే దిక్కు నిలకడగ ఉండదు. స్పీకర్, ఫోన్‌ల అయస్కాంతం ముల్లును తిప్పుతది, దిక్సూచికి మీటరు దూరంల పెట్టు.

ప్రశ్న (హాలియా): ఫోన్‌ల మ్యాప్ సాలదా అన్నా?

జవాబు (పెద్దవూర): స్పేర్‌గ ఉంచు. తడి చేతులకు టచ్ సరిగ పనిచెయ్యదు. ఏఐఎస్ (పడవలు తామేడ ఉన్నయో రేడియోల చెప్పుకునే యంత్రం) మీద పైసలు పెట్టకు, చేపల పుట్టీలకు అది ఉండదు, తెర మీద కనవడయ్. దాని బదులు హారన్ కొను. సముద్ర నియమాలల్ల పొగమంచుల తెరచాప పడవ కూత ఒకటి పొడుగు, రెండు పొట్టి, రెండు నిమిషాలు దాటకుంట మళ్లమళ్ల.