జ్వరం పోయింది, గొంతు నొప్పి పోయింది, అమోక్సిసిలిన్ ఇంకా మింగాలా ఆపేయాలా?

వెన్నెల_రాత్రి
గుటక కూడా పడనంతగా గొంతు వాచి జ్వరం వస్తే డాక్టర్ గారు గొంతులో స్వాబ్ తీసి టెస్ట్ చేయించారండి, స్ట్రెప్ (స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా) అని తేలింది. అమోక్సిసిలిన్ 500 పొద్దున ఒకటి రాత్రి ఒకటి, 10 రోజులు రాశారు. సగం మందు కూడా అవ్వలేదు, ఒంట్లో అంతా బాగానే ఉంది. ఇప్పుడు ఇంట్లో పెద్ద చర్చ. మధ్యలో ఆపితే బ్యాక్టీరియా మొండికేస్తుంది, తర్వాత ఏ మందూ పనిచేయదు అని మా అక్క. అదంతా పాతకాలం మాట, తగ్గాక వేసుకునే ప్రతి మాత్రా రెసిస్టెన్స్‌ని (క్రిములు మందుకి లొంగకపోవడాన్ని) పెంచేదే అని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లోనే వచ్చింది అని మా బావగారు. ఇద్దరూ గట్టిగానే చెప్తున్నారు. మీరేమంటారు?

పాతమిత్రుడు
ఇందులో చర్చేముందండీ, కోర్సు పూర్తి చేయాల్సిందే. అమోక్సిసిలిన్ పెన్సిలిన్ జాతిదే, ఆ పెన్సిలిన్‌ని 1928లో కనిపెట్టిన ఫ్లెమింగే ఈ హెచ్చరిక చేశాడు. 1945 నోబెల్ ప్రసంగంలో ఒక ఉదాహరణ చెప్తాడు, ఒకాయనకి గొంతు నొప్పి వస్తుంది, తనే పెన్సిలిన్ కొనుక్కుని చాలీచాలకుండా వాడతాడు, ఆ క్రిములు చావవు సరికదా మందుకి తట్టుకోవడం నేర్చుకుంటాయి, అవి ఆయన భార్యకి అంటి న్యుమోనియా వస్తే పెన్సిలిన్ పనిచేయక ఆమె చనిపోతుంది. కనిపెట్టిన మనిషే అంత స్పష్టంగా చెప్పాక ఇంకా కావాల్సిందేముంది?

సూటిగా_చెప్తా
పాతమిత్రుడు గారూ, ఫ్లెమింగ్ మీద గౌరవం ఉంది కానీ ఆ ఉదాహరణనే పట్టుకుని చూద్దాం. అందులో క్రిమి స్ట్రెప్టోకాకస్. వెన్నెల గారికి వచ్చిన గ్రూప్ ఎ స్ట్రెప్ దశాబ్దాలుగా కోట్లమంది పెన్సిలిన్ వాడినా ఇప్పటికీ పెన్సిలిన్‌కి లొంగుతూనే ఉంది. అంటే ఆయన భయపడినట్టు ఆ క్రిమి విషయంలో జరగలేదు. అసలు రెసిస్టెన్స్ ఎక్కువగా పెరిగేది జబ్బు చేసిన చోట కాదు, పేగుల్లో చర్మం మీద మామూలుగా బతుకుతున్న బ్యాక్టీరియాలో. మీరు గొంతు కోసం మింగిన మాత్ర పేగుల్లోని ఈ.కోలైకి కూడా తగులుతుంది, అందులో మందుకి చావనివి మిగిలి పెరుగుతాయి, ఆ జీన్లని పక్కవాటికి కూడా ఇచ్చేస్తాయి. మందు ఎన్ని రోజులు వాడితే ఈ ఒత్తిడి అన్ని రోజులు ఉంటుంది. 2017లో బీఎంజేలో (అదే బ్రిటిష్ మెడికల్ జర్నల్) మార్టిన్ లెవెలిన్, ఆయనతోటి వాళ్ళు రాసింది ఇదే, కోర్సు పూర్తి చేయకపోతే రెసిస్టెన్స్ వస్తుందన్న మాటకి ఆధారం లేదు, అవసరం లేకుండా ఎక్కువ రోజులు వాడితేనే ఆ ముప్పు పెరుగుతుంది అని. టీబీ లాంటివి వేరే లెక్క, అక్కడ మధ్యలో ఆపితే నిజంగానే మొండి టీబీ తయారవుతుంది. ఆ టీబీ సూత్రాన్ని తెచ్చి అన్ని జబ్బులకీ అంటగట్టారు, నా బాధంతా అదే.

పాతమిత్రుడు
అంటే ఎవరికి వాళ్ళు బాగుందనిపించిన రోజున ఆపేయమంటారా? జనానికి ఈ మాట ఒక్కటి దొరికితే చాలు, రెండు మాత్రలతోనే ఆపేసి మిగతావి దాచుకుని వచ్చేసారి జలుబుకి వేసుకుంటారు. జలుబు వైరస్ వల్ల, దానికి అమోక్సిసిలిన్ ఏమీ చేయదని ఎంతమందికి తెలుసు?

ఫార్మసీ_కౌంటర్
నేను ఫార్మసిస్ట్‌ని, రోజూ ఈ ప్రశ్న వింటాను కాబట్టి కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిక పట్టండి. మీరిద్దరూ రెసిస్టెన్స్ దగ్గరే ఆగిపోయారు, కానీ స్ట్రెప్ గొంతుకి 10 రోజులు పెట్టింది రెసిస్టెన్స్ కోసం కాదు. ఆ గొంతు నొప్పి మందు లేకపోయినా చాలామందికి వారంలోపు దానంతటదే తగ్గిపోతుంది, కాబట్టి నొప్పి తగ్గడం చూసి గొంతులో క్రిమి పోయిందని అనుకోవడానికి లేదు. ఆ క్రిమి అక్కడే ఉండిపోతే కొందరిలో, ముఖ్యంగా స్కూలు వయసు పిల్లల్లో, రెండు మూడు వారాల తర్వాత రుమాటిక్ ఫీవర్ వస్తుంది. క్రిమితో పోరాడాల్సిన మన ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ళ మీద, గుండె కవాటాల మీద పడుతుంది. కవాటం దెబ్బతింటే జీవితాంతం ఉండిపోవచ్చు. క్రిమిని గొంతులోంచి పూర్తిగా తీసేయడానికి 10 రోజులు. వెన్నెల గారి అక్కగారు చెప్పిన పని సరైందే, చెప్పిన కారణం వేరు.

అదే సూత్రం అన్నిటికీ కాదు. పెద్దవాళ్ళకి ఆసుపత్రి బయట వచ్చే మామూలు న్యుమోనియాకి జ్వరం తగ్గి మనిషి నిలదొక్కుకుంటే 5 రోజులతో సరిపెడుతున్నారు ఇప్పుడు, అక్కడ సూటిగా గారి మాట కరెక్ట్. కానీ తక్కువ రోజులే ఎప్పుడూ మంచిదనుకుంటే పొరపాటు, రెండేళ్ళ లోపు పిల్లల చెవి ఇన్ఫెక్షన్‌కి అమోక్సిసిలిన్ క్లావులనేట్ (అమోక్సిసిలిన్‌కి ఇంకో మందు తోడు కలిపింది) 5 రోజులు ఇచ్చి, 10 రోజులు ఇచ్చి పోల్చి చూశారు, 2016లో వచ్చింది ఆ స్టడీ. 5 రోజుల వాళ్ళలో 34 శాతం మందికి మందు ఫెయిలైంది, 10 రోజుల వాళ్ళలో 16 శాతానికే. రెసిస్టెన్స్ అయినా తక్కువ రోజుల వాళ్ళలో తగ్గిందా అంటే ఆ తేడా కూడా కనపడలేదు. ఒక్కో జబ్బుకి ఒక్కో లెక్క అండీ.

సూటిగా_చెప్తా
ఫార్మసీ గారూ, చెవి స్టడీ ఒప్పుకుంటా. కానీ స్ట్రెప్‌కి కూడా 10 రోజులు శిలాశాసనం ఏం కాదు కదా, 2019లో స్వీడన్ వాళ్ళ ట్రయల్ వచ్చింది, 5 రోజులు పెన్సిలిన్ వి (నోటితో వేసుకునే పెన్సిలిన్) ఇచ్చినా రోగం తగ్గడంలో 10 రోజులతో సమానంగానే పనిచేసింది. బ్రిటన్ గైడ్‌లైన్‌లో కూడా 5 నుంచి 10 రోజులు అనే ఉంది.

ఫార్మసీ_కౌంటర్
ఉందండీ, కానీ ఆ 5 రోజులు ఎలా ఇచ్చారో కూడా చెప్పాలి. 800 మిల్లీగ్రాములు రోజుకి నాలుగుసార్లు. 10 రోజుల వాళ్ళకి 1000 చొప్పున మూడుసార్లు. అంటే తక్కువ రోజులు పెట్టినప్పుడు రోజుకి ఇచ్చే మందూ పెంచారు, ఎక్కువసార్లూ ఇచ్చారు. అంత చేసినా గొంతులో క్రిమి పోయింది 5 రోజుల వాళ్ళలో సుమారు 80 శాతం మందికి, 10 రోజుల వాళ్ళలో సుమారు 91 శాతం మందికి. రుమాటిక్ ఫీవర్ అరుదైన చోట డాక్టర్లు ఈ తేడాని పట్టించుకోకపోవచ్చు, అది ఎక్కువగా ఉన్న చోట పట్టించుకోవాలి. వెన్నెల గారు 500 రోజుకి రెండుసార్లు లెక్కన మొదలుపెట్టి ఐదో రోజున ఆపేస్తే అది స్వీడన్ కోర్సు అవ్వదు, సగంలో ఆపేసిన కోర్సు అవుతుంది.

ఇంకోటి, పెన్సిలిన్ జాతి మందులు బ్యాక్టీరియా గోడ కట్టుకోనివ్వకుండా చంపుతాయి, అందుకని అది పెరుగుతున్నంతసేపూ మందు ఒంట్లో చాలినంత ఉండాలి. కిడ్నీలు బాగున్నవాళ్ళలో అమోక్సిసిలిన్ గంట, గంటన్నరలోపే రక్తంలో సగానికి పడిపోతుంది. పొద్దున మర్చిపోయాం కదా అని రాత్రి రెండూ కలిపి మింగేవాళ్ళకి అందుకే చెప్తుంటా, గుర్తొచ్చిన వెంటనే ఒకటి వేసుకోండి, తర్వాతి డోసు టైం దగ్గరపడితే మర్చిపోయింది వదిలేయండి, డబుల్ మాత్రం వద్దు.

చిన్నారి_అమ్మ
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాకు చిన్నప్పుడు పెన్సిలిన్ వేస్తే దద్దుర్లొచ్చాయట, అప్పట్నుంచీ ఎక్కడికెళ్ళినా అలర్జీ అనే చెప్తాను. ఇప్పుడు పాపకి అమోక్సిసిలిన్ సిరప్ రాశారు. నాకుంటే పాపకీ ఉంటుందా, ఇవ్వాలంటే చేయి రావట్లేదు.

ఫార్మసీ_కౌంటర్
మీకుందని పాపకి ఇవ్వకూడదని ఏమీ లేదమ్మా, కానీ మీ విషయం డాక్టర్ గారికి చెప్పి మొదలుపెట్టండి. మందు పడిన గంటలోపు ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, పెదాలు, ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగి పడిపోతున్నా అది ఎమర్జెన్సీ, తర్వాతి డోసు మాట దేవుడెరుగు, వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. నాలుగైదు రోజుల తర్వాత దురద లేకుండా వచ్చే సన్నటి ఎర్ర పొక్కులు పిల్లల్లో చాలాసార్లు వైరస్ వల్ల కూడా వస్తాయి, అయినా మీరే తేల్చేయకుండా చూపించండి. మీ సంగతికొస్తే, పెన్సిలిన్ అలర్జీ అని రాయించుకున్నవాళ్ళని సరిగ్గా టెస్ట్ చేస్తే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా అలర్జీ ఉండదు. ఆ ముద్ర ఉంటే అవసరానికి మంచి మందు వదిలేసి వేరే పెద్ద మందులు వాడాల్సి వస్తుంది. అలర్జీ స్పెషలిస్ట్ దగ్గర టెస్ట్ అడగండి, ఇంట్లో మాత్రం ఒక మాత్ర వేసి చూద్దాం అనుకోవద్దు. అప్పటిదాకా యాంపిసిలిన్, అమోక్సిసిలిన్, దానికి క్లావులనేట్ కలిపి చివర క్లావ్ అని పేరు పెట్టిన మాత్రలు అన్నీ ఈ కుటుంబమే అని గుర్తుంచుకోండి, పేరు మారింది కదా అని వేసుకునేవాళ్ళని చాలామందిని చూశాను.

సిరప్ ఇచ్చే ముందు సీసా బాగా ఊపండి, లేకపోతే మందంతా అడుగున ఉండి మొదట్లో నీళ్ళు, చివర్లో చిక్కటి మందు పడుతుంది. వంటింటి చెంచా కాదు, సీసాతో వచ్చిన కొలత కప్పో సిరంజో వాడండి. నీళ్ళు కలిపిన రోజు తేదీ సీసా మీద రాసిపెట్టుకుని లేబుల్ మీద చెప్పిన రోజులు దాటితే పారేయండి.

పాతమిత్రుడు
పేగుల సంగతి కూడా చెప్పండి సార్, ఈ మందుకి విరేచనాలు మామూలే అని జనం పట్టించుకోరు.

ఫార్మసీ_కౌంటర్
కొంచెం లూజ్ మోషన్ అయితే మామూలే, క్లావులనేట్ ఉన్నదైతే ఇంకాస్త ఎక్కువ, అది భోజనం మొదట్లో వేసుకుంటే నయం. నీళ్ళలా ఆగకుండా అవుతున్నా, రక్తం పడినా, జ్వరం వచ్చినా సి.డిఫిసిల్ అనే క్రిమి కావచ్చు, కోర్సు అయిపోయిన కొన్ని వారాలకి కూడా రావచ్చు. మోషన్లు ఆగిపోయే మాత్ర మీరే వేసుకోకుండా డాక్టర్‌కి చెప్పండి. మెథోట్రెక్సేట్ (కీళ్ళవాతం లాంటివాటికి ఇచ్చే మందు), వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడేవాళ్ళు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ముందే చెప్పాలి.

వెన్నెల_రాత్రి
అందరికీ థాంక్సండీ. ఇదంతా చదివాక డాక్టర్ గారికి ఫోన్ చేసి రోజులు తగ్గించొచ్చా అని సూటిగానే అడిగాను. మీది టెస్ట్‌లో తేలిన స్ట్రెప్, ఇంట్లో చిన్నపిల్లలున్నారు, 10 రోజులూ వాడండి, ఇదే న్యుమోనియా అయ్యుంటే ఇంకోలా చెప్పేదాన్ని అన్నారు. వాడేస్తున్నాను. బావగారికి స్వీడన్ డోసు సంగతి చూపించాను, ఆ లెక్క తను చూడలేదన్నారు.

సూటిగా_చెప్తా
మీరు వాడటం కరెక్టేనండీ వెన్నెల గారూ, మీ కేసులో నేనూ అదే చెప్తాను. నా గొడవ చీటీల మీద కారణం లేకుండా రాసే 7 రోజులు, 10 రోజులతోనే. ఏ జబ్బుకి, ఎందుకన్ని రోజులు అని పేషెంట్ అడగాలి, డాక్టర్ ఒక్క ముక్క చెప్పాలి. వైరస్ అని తేలాక కూడా కోర్సు పూర్తి చేయాలి కదా అని మందు మింగుతూనే ఉన్నవాళ్ళు నాకు తెలుసు, అలాంటప్పుడు డాక్టర్‌ని అడిగి ఆ రోజే ఆపేయాలి.

పాతమిత్రుడు
డాక్టర్‌ని అడిగి ఆపేస్తే నాకేం అభ్యంతరం లేదు. అడక్కుండా ఆపి, మిగిలిన స్ట్రిప్ బీరువాలో పెట్టుకోవడమే నేను వద్దనేది.