రెండు స్లెడ్లు, ఒక ఎస్‌యూవీ: ఎన్‌క్లోజ్డ్ ట్రైలర్ ఏది కొనాలి?

అన్నలకూ అక్కలకూ నమస్కారం. మిన్నెసోటా వచ్చి ఏడాదిన్నర అయింది. పోయిన చలికాలం ఆఫీసు వాళ్లతో వెళ్లి స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి, ఇక్కడ స్లెడ్ అంటారు) ఎక్కాను, అంతే, పిచ్చి పట్టుకుంది. నేనూ మా ఆవిడా చెరొక పాతది కొనుక్కున్నాం. వాటిని ఉత్తరానికి తీసుకెళ్లడానికి ఇప్పుడు ఎన్‌క్లోజ్డ్ ట్రైలర్, అంటే అన్నివైపులా మూసిన డబ్బా, చూస్తున్నాం. మా ఎస్‌యూవీ 5,000 పౌండ్లు లాగుతుందని మాన్యువల్లో ఉంది. డీలరేమో ఎనిమిదిన్నర అడుగుల వెడల్పుది తీసుకోండి, ఇల్లంత చోటుంటుంది అంటున్నాడు. ట్రైలర్ లాగిన అనుభవం నాకు సున్నా. ఏది కొనాలి? లోపల ఏమేం పెట్టించాలి? హీటర్ పెట్టిస్తే మంచిదేనా?

* * *

తమ్ముడూ, ఇల్లంత ట్రైలర్ కొంటే దాన్ని లాగడానికి ఇంకో బండి కొనాల్సొస్తుంది. ట్రైలర్ సంగతి తర్వాత, ముందు నీ ఎస్‌యూవీ లెక్క తేలనీ.

ఆ 5,000 ఒక్కటీ చూసి మురిసిపోకు. స్లెడ్ ఒక్కోటి పెట్రోలూ ఆయిలూ పోశాక 600 పౌండ్లు అనుకో. రెండూ కలిపి 1,200. హెల్మెట్లు, బూట్లు, పెట్రోల్ డబ్బాలు, పనిముట్లు ఇంకో 200. చిన్న అల్యూమినియం ట్రైలర్ ఖాళీదే 1,700 దాకా ఉంటుంది. అంటే అప్పుడే 3,100. ఇందులో 10 నుంచి 15 శాతం టంగ్ (ట్రైలర్ ముందు కొస) మీద, అంటే దాన్ని తగిలించే నీ బండి హిచ్ మీద పడాలి. తక్కువైతే ట్రైలర్ రోడ్డు మీద తోక ఊపుతుంది. 12 శాతం వేసుకున్నా 370 పౌండ్ల పైమాటే. అది నీ బండి మోయగల పేలోడ్‌లోంచే పోతుంది, అంటే మీ ఇద్దరి బరువూ, సామానూ, ఆ 370, అన్నీ ఒకే ఖాతాలోకి వస్తాయి. డ్రైవర్ తలుపు తెరిస్తే అంచున ఉండే స్టిక్కర్ మీద ఆ పరిమితి అంకె ఉంటుంది, చూడు. మాన్యువల్లో ఫ్రంటల్ ఏరియా అని ఇంకో పరిమితి కూడా ఉండొచ్చు. గాలికి అడ్డం నిలబడే ముఖం ఎన్ని చదరపు అడుగులుండొచ్చో చెప్పేది అది. ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు ఉన్న డబ్బా చాలా ఎస్‌యూవీలకు అక్కడే తేలిపోతుంది. బరువు సరిపోయినా గాలి లాగనివ్వదు.

బ్రేకుల గురించి బేరం వద్దు. మిన్నెసోటాలో 3,000 పౌండ్లు, ఆ పైన ఉన్న ట్రైలర్‌కి సొంత బ్రేకులు ఉండి తీరాలి. నీది ఆ గీత దాటింది. ఎలక్ట్రిక్ బ్రేకులంటే ఏడు పిన్నుల కనెక్టరూ, డ్రైవర్ దగ్గర బ్రేక్ కంట్రోలరూ కావాలి. చాలా ఎస్‌యూవీలకు నాలుగు పిన్నులదే ఉంటుంది, అది లైట్లకే. ట్రైలర్ తెచ్చుకునే రోజు పార్కింగ్‌లో నిలబడి ఇది కనుక్కోవడం కంటే ఇప్పుడే వంగి బంపర్ కింద చూడటం మేలు.

ఇక సైజు. మీకు ఏడడుగుల వెడల్పున్న ఇన్‌లైన్ చాలు. చక్రాలు పెట్టెకి బయట ఉంటాయి, వెనక ర్యాంపు మీంచి ఎక్కి, ముందు వాలు మూతిలో ఉన్న ర్యాంపు మీంచి దిగిపోవచ్చు. ట్రైల్ స్లెడ్ స్కీల (ముందుండే జారుడు పలకలు) దగ్గర దాదాపు 48 అంగుళాల వెడల్పు, ఏడడుగుల పెట్టెలో రెండు పక్కపక్కన పట్టవు. అందుకే వెనకా ముందూ జరిపి పెడతాం, ఒకదాని స్కీలు రెండోదాని తోక పక్కకి వచ్చేలా. ఎనిమిదిన్నర దాంట్లో పక్కపక్కన పడతాయి కానీ చక్రాల గూళ్లు లోపలికి పొడుచుకొస్తాయి, అద్దాల్లో వెనక ఏముందో కనపడదు. మంచు తోసి సగం రోడ్డే మిగిల్చిన అడవి దారుల్లో ఆ తేడా తెలుస్తుంది.

పొడుగు ఎంత కావాలో కేటలాగ్ చూసి నిర్ణయించకు. గ్యారేజీ నేల మీద సుద్దముక్కతో ట్రైలర్ లోపలి కొలత గీయి, ముందు మూతితో సహా. రెండు స్లెడ్లూ అందులో పెట్టు. తర్వాత నువ్వు బూట్లూ జాకెట్టూ వేసుకుని వాటి మధ్య నడిచి చూడు, వంగి పట్టీ బిగించడానికి చోటుందేమో చూడు. ఎత్తు కూడా అంతే. నిలబడగలిగే ఎత్తుంటే లోపలే బట్టలు మార్చుకోవచ్చు, మైనస్ 20లో అదెంత సుఖమో నేను చెప్పనక్కర్లేదు. కానీ ప్రతి అంగుళానికీ పెట్రోల్ కడుతూ ఉంటావు. మేం ఆరడుగుల దగ్గర ఆగాం. మా ఇంట్లో ఎవరూ అంతకంటే పొడుగు లేరు.

స్టీలు ట్రైలర్ చవగ్గా దొరుకుతుంది. ఇక్కడి రోడ్ల మీద పోసే ఉప్పునీళ్లు దాన్ని కింద నుంచి తింటాయి. అల్యూమినియం కూడా చిరంజీవి కాదు, స్టీలు బోల్టు దాన్ని తాకిన చోట తెల్లటి పొడి రాలుతుంది. అయినా అల్యూమినియమే కొను. సెకండ్ హ్యాండ్ అయితే చాప వేసుకుని కింద పడుకుని టార్చితో చూడు. పైనంతా మెరుస్తూ, కింద ప్లైవుడ్ వేలు పెడితే దిగేవి చూశాను.

లోపలికి వద్దాం. డబ్బు మిగుల్చుకుని ముందు ట్రైలర్ నేల మీద ఖర్చు పెట్టు. స్కీల కింద పదునైన కార్బైడ్ రాడ్లుంటాయి, బండిని తోసే రబ్బరు పట్టా, అంటే ట్రాక్‌కి స్టడ్లుంటే (ఐస్ మీద గుచ్చుకునే మేకులు) అవి వేరు. ఉత్తి ప్లైవుడ్ మీద రెండు సీజన్లు ఎక్కించి దించితే దున్నిన చేనులా అవుతుంది. స్కీలు పోయే దారిలో ప్లాస్టిక్ గైడ్లు, ట్రాక్ వచ్చే చోట రబ్బరు మ్యాట్, ర్యాంపు మీద కూడా రెండూ వేయించు. గైడ్ల మీద స్కీ జారుతుంది, స్టీరింగ్ తనంతట తానే తిన్నగా ఉంటుంది. ట్రాక్ కింద మాత్రం ప్లాస్టిక్ వేయకు, పట్టు దొరక్క అక్కడే గిరగిరా తిరుగుతుంది.

కట్టడానికి స్కీల మీద అడ్డంగా పడే బార్ ముందు, వెనక బంపర్‌కి రాచెట్ పట్టీ. పట్టీ తగిలించడానికి నేలలో కూరుకుని ఉండే డి రింగులు చూడ్డానికి బాగుంటాయి. కరిగిన మంచు వాటిలో చేరి తెల్లారేసరికి గడ్డకడుతుంది, స్క్రూడ్రైవర్‌తో పొడుచుకుంటూ కూర్చోవాలి. గోడ పక్కన పొడవునా ఉండే, పట్టీలు తగిలించే పట్టాలైతే ఆ బాధ తక్కువ.

హీటర్ వద్దు. లోపల రెండు ట్యాంకుల పెట్రోలూ, డబ్బాలూ ఉంటాయి, ఆవిరి నేలబారున నిలబడుతుంది. అక్కడ మంట పెట్టుకునే పని పెట్టుకోకు. దానికి బదులు గోడలకి కింద ఒకటి, పైన ఒకటి గాలి రంధ్రాలు పెట్టించు. వాసనా పోతుంది, తడీ ఆరుతుంది. ఇంజన్ లోపల స్టార్ట్ చేసేటప్పుడు రెండు తలుపులూ తెరిచే ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

ఇక నా సొంత గొడవ ఒకటి. మొదటి ఏడాది, క్యాబిన్ దగ్గర ట్రైలర్‌ని బండి నుంచి విప్పేసి, పొద్దున్నే స్లెడ్ వెనక నుంచి ఎక్కించబోయాను. ట్రాక్ ర్యాంపు దాటి లోపలికి వచ్చిందో లేదో ట్రైలర్ మూతిని మోసే ముందు జాక్ నేలని వదిలేసింది. మూతి ఆకాశానికి లేచింది, నేను స్లెడ్‌తో సహా వెనక్కి జారాను. సగం సెకను తర్వాత మూతి ధభీమని కింద పడింది, ఆ చప్పుడుకి పక్క క్యాబిన్‌లో లైటు వెలిగింది. జాక్ వంకర పోయింది, నా పరువు కూడా. బరువు ఇరుసుకి వెనక పడితే ట్రైలర్ తక్కెడలా తూగుతుంది. కాబట్టి బండికి తగిలించి ఉన్నప్పుడే ఎక్కించు, దించు. విప్పాల్సొస్తే వెనక రెండు మూలలా స్టాండ్లు పెట్టు.

* * *

పైన అన్నయ్య చెప్పినవన్నీ నిజమే. ఆయన జాక్ కథ నేను ఇప్పటికి మూడు రకాలుగా విన్నాను. మా ట్రైలర్‌ని లాగేది నేను కాబట్టి రెండు మాటలు.

తమ్ముడూ, ఐస్ మీద ట్రైలర్ బ్రేకుల గెయిన్ (ఎంత గట్టిగా పట్టాలన్న సెట్టింగ్) తగ్గించు. పొడి రోడ్డుకి పెట్టిన సెట్టింగే ఉంచితే ట్రైలర్ చక్రాలు ముందు బిగుసుకుని పక్కకి జారతాయి. తోక ఊపడం మొదలైతే కాలి బ్రేకు తొక్కకు. యాక్సిలరేటర్ వదిలి, కంట్రోలర్ మీదున్న మీటని చేత్తో నెమ్మదిగా నొక్కు, ట్రైలర్ ఒక్కటే ఆగుతూ వెనక్కి లాగి తిన్నగా అవుతుంది. గాలి పక్క నుంచి కొట్టేటప్పుడు నిండు ట్రైలర్ కంటే ఖాళీదే ఎక్కువ భయపెడుతుంది.

టైర్లు. వెచ్చటి గ్యారేజీలో 65 పీఎస్ఐ పెట్టిన టైరు, బయట ఉష్ణోగ్రత దానికంటే 70 ఫారెన్‌హీట్ డిగ్రీలు తక్కువైతే పదికి పైగా తగ్గుతుంది. బయల్దేరే చోట, ఆ చలిలోనే చూసుకోవాలి. చక్రం విప్పి బిగిస్తే 50 మైళ్ల తర్వాత నట్లు మళ్లీ బిగించు. తడి బ్రేకులు రాత్రికి గడ్డకట్టుకుంటాయి, కదిలిన మొదటి పది అడుగుల్లో అద్దంలో చూడు, అన్ని చక్రాలూ తిరుగుతున్నాయా లేదా. తిరగని చక్రం ఐస్ మీద చప్పుడు చేయకుండా జారుతూ వచ్చేస్తుంది.

గడ్డకట్టిన తాళాన్ని కరిగించే డీఐసర్ ట్రైలర్ లోపల పెట్టుకోవద్దు. నవ్వొద్దు, మేం పెట్టుకున్నాం.

ఇంకోటి, మీ ఇద్దరూ 1976 డిసెంబర్ 31 తర్వాత పుట్టినవాళ్లే అయ్యుంటారు. అయితే ఇక్కడ ట్రైల్స్ మీద నడపడానికి స్నోమొబైల్ సేఫ్టీ సర్టిఫికెట్ కావాలి. స్లెడ్ల రిజిస్ట్రేషన్ రాష్ట్ర సహజ వనరుల శాఖ, అంటే డీఎన్ఆర్‌ది, ట్రైలర్‌ది వేరే. ట్రైలర్ కొనే హడావిడిలో ఇది మర్చిపోతారు చాలామంది.

* * *

అన్నయ్యా, అక్కా, చాలా థాంక్స్. సర్టిఫికెట్ సంగతి నిజంగానే తెలియదు, ఇవాళే చూశాం. తలుపు స్టిక్కర్ కూడా చూశాను, మేమిద్దరం, ఆ 370, సూట్‌కేసులూ కలిపినా కాస్త మిగులుతోంది. డీలర్‌కి ఎనిమిదిన్నర వద్దని చెప్పేశాను, కాస్త ముఖం ముడుచుకున్నాడు.

రాత్రి గ్యారేజీలో సుద్దతో గీశాం. ఏడడుగుల వెడల్పు, మూతితో కలిపి 17 అడుగులు. మా ఆవిడ స్లెడ్ మూతిలోకి దూరింది. నాది తోక దగ్గర గీత దాటి నాలుగు అంగుళాలు బయట ఉంది. కాస్త అటూ ఇటూ జరిపితే సరిపోతుందంటారా?

* * *

వెనక ర్యాంపు మూసేటప్పుడు ఆ నాలుగు అంగుళాలు ఎక్కడికీ పోవు. బలవంతంగా మూస్తే ఆ ర్యాంపు తాళమో నీ స్లెడ్ బంపరో, ఏదో ఒకటి విరుగుతుంది. ఇంకో రెండడుగులు పొడుగున్న ట్రైలర్ కావాలని అడుగు, బరువు మళ్లీ లెక్కేసుకో. అది సరే, తోక కొలిచింది బంపర్ వరకా, వెనక వేలాడే స్నో ఫ్లాప్ కలిపా?