అప్‌డేట్: పదివేలలోపు లినక్స్ డెస్క్‌టాప్ దొరికింది

మా గుంటడు కోడింగ్ నేర్చుకోడానికి పదివేలలోపు లినక్స్ (విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) నడిచే డెస్క్‌టాప్ ఏది కొనాలని అడిగాను కదా, కొత్తగా అసెంబుల్ చేయించే బదులు ఆఫీసుల్లో వాడి తీసేసిన బ్రాండెడ్ మెషీన్ చూడమని చాలామంది చెప్పారు, అదే చేశాను. విజయనగరంలోనే సెకండ్‌హ్యాండ్ షాపులో డెల్ ఆప్టిప్లెక్స్ 3050 దొరికింది, ఇంటెల్ ఆరో జనరేషన్ ఐ5-6500 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, మానిటర్ ఇంట్లో ఉన్నదే. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11 ఏమో ఈ ఆరో జనరేషన్ ప్రాసెసర్‌ని అధికారికంగా ఒప్పుకోదు, అందుకే ఇంత మంచి మెషీన్లు చవగ్గా వస్తున్నాయి, లినక్స్‌కి ఆ గొడవే లేదు.

డబ్బులిచ్చే ముందు పెన్‌డ్రైవ్‌లో లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ (లినక్స్‌లో ఒక తేలికపాటి రకం) పట్టుకెళ్లి షాపులోనే లైవ్‌లో, అంటే ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే బూట్ చేసి సౌండు, డిస్‌ప్లే, నెట్‌వర్క్, యూఎస్‌బీ పోర్టులు అన్నీ చూశాను, ఈ సలహా ఇచ్చినోళ్లకి నిజంగా దణ్ణం పెట్టాలి. పాత హార్డ్ డిస్క్ తీయించి ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే చాలా వేగంగా పనిచేసే స్టోరేజ్) వేయించా, పెట్టిన ఖర్చులో బాగా పనికొచ్చింది అదే, ర్యామ్ పెంచేకంటే ముందు ఇది చేయండి. నాకొచ్చిన దాంట్లో వైఫై లేదు, ప్రస్తుతానికి ఆండ్రాయిడ్ ఫోన్ యూఎస్‌బీ టెథరింగ్‌తో (ఫోన్‌లోని నెట్‌ని కేబుల్‌తో కంప్యూటర్‌కి ఇవ్వడం) నడుస్తోంది, డ్రైవర్ ఏమీ వేయక్కర్లేదు. యూఎస్‌బీకి పెట్టే వైఫై డాంగిల్ కొనేటప్పుడు మాత్రం దాని లోపలి చిప్‌సెట్‌కి లినక్స్ కెర్నెల్‌లోనే (సిస్టమ్ అసలు భాగం) డ్రైవర్ ఉందో లేదో చూసే కొంటాను. తెలుగు టైపింగ్ కూడా ఐబస్‌తో (లినక్స్‌లో వేరే భాషలు టైప్ చేసే సాఫ్ట్‌వేర్) సెట్ అయింది. యూపీఎస్ ఒకటి తీసుకోవాలి, ఇంత చిన్న మెషీన్‌కి 600 వీఏ కెపాసిటీది సరిపోతుందా అండీ?