కేప్ ఎవర్‌లాస్టింగ్: తడి మట్టిలో ఉండగానే ఒక మొక్క వాడిపోయింది, రెండోదాన్ని కాపాడుకోవడం ఎలా?

కుండీలతోట:

అందరికీ నమస్తే. ఎండినా రంగు పోని పూలంటే నాకు చాలా ఇష్టం. ఆ ఇష్టం కొద్దీ సింకార్ఫా వెస్టిటా గింజలు సంపాదించాను. దక్షిణాఫ్రికా పశ్చిమ కేప్ కొండల మీద పూస్తుంది, కేప్ ఎవర్‌లాస్టింగ్ అంటారు, పాత పుస్తకాల్లో హెలిక్రైసమ్ వెస్టిటమ్ అనే పేరుతో ఉంటుంది. 60 గింజలు చల్లితే మొలిచినవి రెండంటే రెండే.

ఆ రెండిట్లో ఒకటి జానెడు ఎత్తు ఎదిగింది. ఆకులు బూడిద రంగులో, పట్టుకుంటే మెత్తటి కంబళి ముక్కలా ఉండేవి, రోజూ ఒకసారి ముట్టుకోకుండా ఉండలేకపోయేదాన్ని. పోయిన వారం మధ్యాహ్నం పూట తల వాల్చింది. దాహమేసిందనుకుని నీళ్లు పోశాను, సాయంత్రానికీ లేవకపోతే మళ్లీ పోశాను. అలా మూడు రోజులు చేశాక మొత్తం వేలాడిపోయింది, కానీ మట్టి మాత్రం చెమ్మగానే ఉంది. చాలా బాధేసింది. రెండోది ఇంకా నిలబడే ఉంది గానీ కింది ఆకులు గోధుమ రంగుకి తిరుగుతున్నాయి, దాంతో టెన్షన్ పట్టుకుంది.

కుండీలో సగం తోట మట్టి, మిగతా సగం వర్మీకంపోస్టు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు). గులాబీలకూ చామంతులకూ వాడేదే. ఎండ రోజుకి ఆరేడు గంటలు తగులుతుంది, నీళ్లు పైనుంచి షవర్ క్యాన్‌తో పోస్తాను. మొక్క ఎందుకు చచ్చిపోయింది, ఉన్నదాన్ని బతికించుకోవాలంటే ఏం చెయ్యాలి, 60లో రెండే ఎందుకు మొలిచాయి? ఇంకో 40 గింజలున్నాయి, వాటిని కూడా పాడుచేసుకోవాలని లేదు.

మట్టిచేతులు:

ముందు ఒక పని చేయండి. చచ్చిన మొక్కని పీకి వేళ్లు కడిగి చూడండి. ఒక సన్నటి వేరుని రెండు వేళ్ల మధ్య పట్టుకుని లాగితే పైతొక్క తొడుగులా ఊడొచ్చి లోపల దారంలాంటిది మిగిలిందంటే అది వేరుకుళ్లు. తడి మట్టిలో మొక్క వాడిందని రాశారు చూడండి, నాకు అక్కడే అనుమానం వచ్చింది. వేళ్లు కుళ్లితే నీళ్లు ఎన్ని ఉన్నా పైకి పీల్చుకోలేవు, అందుకని పైనుంచి చూస్తే అచ్చం దాహంతో వాడినట్టే ఉంటుంది. మనం జాలిపడి ఇంకా పోస్తాం. ఇది మీ ఒక్కరికే కాదు, బూడిదాకుల మొక్కలు పెంచే ప్రతివాళ్లకీ ఒకసారైనా జరిగేదే.

ఈ మొక్క పుట్టిన చోటు ఎలాంటిదో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. పశ్చిమ కేప్‌లో ఫిన్‌బోస్ అనే పొదల ప్రాంతం ఉంది. అక్కడి నేల ఇసుక, కొంచెం ఆమ్ల గుణం, పోషకాలు బాగా తక్కువ. వాన చలికాలంలో పడుతుంది, వేసవి పొడిగా పోతుంది, కొండ వాలు మీద గాలి ఎప్పుడూ ఆడుతూనే ఉంటుంది. అంటే వేళ్ల దగ్గర నీరు నిలవడం, వేడీ తడీ కలిసి ఉక్కగా ఉండడం, బలమైన ఎరువు, ఈ మూడూ దానికి అలవాటు లేనివి. మీరు మూడూ పెట్టారు.

నేను వాడేది రెండు వంతులు గరుకు ఇసుక (నున్నటి సన్న ఇసుక వద్దు, అది సిమెంటులా పట్టేస్తుంది), ఒక వంతు కోకోపీట్ లేదా బాగా చివికిన ఆకుమట్టి, గుప్పెడు పెర్లైట్ (నర్సరీల్లో దొరికే తేలికపాటి తెల్ల గుళికలు). కంపోస్టు అసలు వెయ్యను. మట్టి కుండీ అయితే మంచిది, పక్కల నుంచి కూడా ఆరుతుంది. నీళ్లు పొద్దున్నే, ఆకుల మీద పడకుండా మొదలుకి కాస్త దూరంగా పోయాలి. ఆ నూగు తడిసిందంటే గంటల తరబడి ఆరదు, బూజుకి అంతకన్నా మంచి చోటు దొరకదు. మొదలు చుట్టూ సన్న కంకర ఒక వరస పరిస్తే కింది ఆకులకి తడి మట్టి తగలదు. పోసేముందు వేలు రెండు కణుపుల లోతు దింపి చూడండి, చల్లగా తగిలితే ఆ రోజుకి వదిలెయ్యండి.

పూలబుట్ట:

నేనూ ఎవర్‌లాస్టింగ్ రెండేళ్లుగా పెంచుతున్నానండీ, ఇంత కష్టం ఎప్పుడూ పడలేదు. గింజలు పైపైన చల్లితే వారం పది రోజుల్లో మొలుస్తాయి. పసుపు, నారింజ, గులాబీ అన్ని రంగులూ పూశాయి, నెలకోసారి కంపోస్టు కూడా వేస్తాను. మొక్కకి బలం చాలట్లేదేమో. కట్టెల బూడిద రెండు చెంచాలు మట్టిలో కలిపి చూడండి, మా పెద్దవాళ్లు ఏ మొక్కకైనా అదే వేసేవాళ్లు.

పొగమంచు:

పూలబుట్ట గారూ, మీరు చెప్పేది వేరే మొక్క. వారంలో మొలిచి, పసుపూ నారింజా పూసేది ఆస్ట్రేలియాది, జెరోక్రైసమ్ బ్రాక్టియేటమ్. స్ట్రాఫ్లవర్ అని గింజల ప్యాకెట్ల మీద ఉండేది అదే. దాని ఆకు పచ్చగా ఉంటుంది, ఇంత నూగు ఉండదు, ఎరువు వేస్తే పుచ్చుకుంటుంది. రెండూ చామంతి కుటుంబానివే, రెండిటి పూలూ ఎండినా వాడవు, అందుకే రెండిటికీ ఒకే పేరు పడి ఈ తికమకంతా వస్తోంది. మీ సలహా మీ మొక్కకి బాగానే పనిచేస్తుంది, దీనికి మాత్రం పనికిరాదు. ముఖ్యంగా బూడిద వెయ్యకండి. బూడిద మట్టిని క్షారం వైపు తిప్పుతుంది, దీనికి కావలసింది ఆమ్లం వైపు ఉండే మట్టి.

ఈ మొక్కకి కావలసింది బూడిద కాదు, పొగ. 60లో రెండే ఎందుకు మొలిచాయన్నదానికి జవాబు కూడా ఇందులోనే ఉంది. ఫిన్‌బోస్‌లో కొన్నేళ్లకోసారి పొదలు తగలబడుతుంటాయి. ఆ మంటకి తల్లి మొక్క చచ్చిపోతుంది, మొదలు నుంచి మళ్లీ చిగురు వెయ్యదు. గింజ మాత్రం మట్టిలో పడి ఎదురుచూస్తూ ఉంటుంది. పైన పొదలు కాలిపోయి చోటు, వెలుతురు దొరికాయని దానికి కబురు అందేది పొగ ద్వారానే. పొగతో గింజలు మొలుస్తాయని 1990లో డి లాంజ్, బౌచర్ అనే దక్షిణాఫ్రికా పరిశోధకులు ఇంకో ఫిన్‌బోస్ మొక్క మీద చూపించారు, కొన్నేళ్లకే వేరే పరిశోధన ఈ సింకార్ఫా మీద కూడా జరిగి, ఇదీ పొగకి మొలుస్తుందని తేలింది. పొగలో ఆ పని చేసే పదార్థాల్లో ఒకదాన్ని 2004లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు విడదీశారు, అలాంటి పదార్థాలనే ఇప్పుడు కారికిన్లు అంటున్నారు. ఒక్క ఎండుగడ్డి పొగలో ఇంత సంగతి ఉందని చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంట్లో చేసుకునే పద్ధతి చెప్తాను. ట్రేలో ఇసుక మిశ్రమం నింపి, గింజలు చల్లి, వాటి మందాన ఇసుక మాత్రమే పైన జల్లండి. ట్రేని పెద్ద అట్టపెట్టెలో పెట్టండి. ఆరుబయట, అంటుకునేవేవీ పక్కన లేని చోట ఒక రేకు డబ్బాలో ఎండుగడ్డి, కొంచెం పచ్చి ఆకులు వేసి అంటించండి, మంట రాకూడదు, కమురుతూ పొగ రావాలి. ఆ పొగని పొడవాటి రేకు గొట్టంలోంచి పెట్టెలోకి పంపాలి, గొట్టం పొడుగ్గా ఉంటే చేరేసరికి చల్లారుతుంది. గింజకి కావలసింది పొగే, వేడి కాదు. అరగంట నుంచి గంట చాలు. ఆ తర్వాత మొదటి కొన్ని రోజులు నీళ్లు తుంపరగా మాత్రమే చిలకరించండి, ధారగా పోస్తే మట్టి మీద పట్టిన పొగ సారమంతా అడుగు రంధ్రాల్లోంచి కారిపోతుంది. పొగని నీళ్లలోకి ఎక్కించి ఆ నీళ్లలో గింజలు ఒక రోజంతా నానబెట్టే పద్ధతి కూడా ఉంది, కానీ చిక్కగా ఉంటే మొలక ఆగిపోతుంది, బాగా పలచన చెయ్యాలి. మొదటిసారి కాబట్టి మీకు పెట్టె పద్ధతే మేలు.

వేసే కాలం కూడా చూసుకోండి. ఎండలు తగ్గి రాత్రులు చల్లబడే రోజులు కావాలి, పగటికీ రాత్రికీ తేడా ఉంటేనే ఇవి కదులుతాయి. మూడు నాలుగు వారాలు పట్టొచ్చు, అన్నీ ఒకేసారి రావు. రెండు వారాలకే విసిగి ట్రే పారబోసేవాళ్లు చాలామంది ఉన్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి.

ఇంకో మాట, వేసేముందు గింజని వేలిగోటితో మెల్లగా నొక్కి చూడండి. పొట్టులా నలిగిపోతే తాలు గింజ, పక్కన పెట్టెయ్యండి. ఈ జాతిలో తాలు ఎక్కువే ఉంటుంది, మీ 60లో ఎన్ని నిండు గింజలో ఎవరికి తెలుసు.

కుండీలతోట:

మట్టిచేతులు గారూ, మీరు చెప్పినట్టే పీకి చూశాను. తొక్క తొడుగులా ఊడొచ్చింది. వేళ్లు ముదురు గోధుమ రంగులో, నీచు వాసన వేస్తున్నాయి. నేనే నీళ్లు పోసి చంపేశానన్నమాట. సరే, ఉన్నదాన్ని ఇప్పుడు ఇసుక మిశ్రమంలోకి మార్చేయనా? వేళ్లు కదిలితే పడదని ఎక్కడో చదివాను, అందుకని చెయ్యి రావట్లేదు.

మట్టిచేతులు:

చదివింది నిజమే, వేళ్లు కదపడం దీనికి నచ్చదు. కానీ ఆ మట్టిలో ఉంచితే ఎలాగూ దక్కదు, నేనైతే మారుస్తాను. ముందు రెండు మూడు రోజులు నీళ్లు ఆపేసి మట్టి ఆరనివ్వండి, ఎండ మరీ మాడ్చేలా ఉంటే మధ్యాహ్నం కాస్త నీడ ఇవ్వండి. తర్వాత కుండీని పక్కకి వంచి, మట్టిముద్ద చెదరకుండా మొత్తం బయటికి జార్చండి. వేళ్లని విడదీయొద్దు, దులపొద్దు. ఇసుక మిశ్రమం పోసిన కొత్త కుండీలో ఆ ముద్దని చుట్టూ మట్టం కంటే అంగుళం పైకి ఉండేలా కూర్చోబెట్టండి, అప్పుడు మొదలు దగ్గర నీరు నిలవదు. ముద్ద మీదున్న కంపోస్టుని చెంచాతో పైపైన గీసి తీసేసి కంకర పొయ్యండి. నెలన్నర పాటు ఎరువు మాట ఎత్తకండి. ఆ తర్వాత కూడా ఫాస్ఫరస్ ఎక్కువున్నవి వద్దు.

కింది ఆకులు ఎండడం ఒక్కటే అయితే అంత భయపడక్కర్లేదు, కొంతవరకు అది దాని తీరే. చివరి చిగురు చూడండి. వెండిలా మెరుస్తూ నిటారుగా ఉంటే బతుకుతుంది.

ఎండుపూలు:

ఆలస్యంగా చూశాను. మొక్క దక్కిందంటే తర్వాత పనికొస్తుందని రాస్తున్నాను. మామూలుగా రెండో ఏడాది పూస్తుంది. అక్కడ దక్షిణార్ధగోళంలో నవంబరు నుంచి జనవరి దాకా, అంటే వాళ్ల వేసవి మొదట్లో పూత. మనం రేకులనుకునే ఆ తెల్లటివి అసలు రేకులు కావు, పువ్వు కింద ఉండే ఆకుల్లాంటివి, వాటిని పుచ్ఛాలంటారు. పుట్టడమే కాగితంలా పొడిగా పుడతాయి, అందుకే ఎండాక కూడా అలాగే ఉంటాయి. అసలు పూలు మధ్యలో గుత్తిగా ఉండే చిన్న చిన్నవి. చెవి దగ్గర పెట్టుకుని వేలితో మెల్లగా రాస్తే గరగరమని సన్నగా చప్పుడొస్తుంది, నాకు దాని అందం సగం ఆ చప్పుడులోనే ఉందనిపిస్తుంది.

దాచుకోవాలంటే పూర్తిగా విచ్చుకునే దాకా ఆగొద్దు, సగం విచ్చినప్పుడే కోసి, చిన్న కట్టలుగా కట్టి, చీకటిగా గాలి ఆడే చోట తలకిందులుగా వేలాడదీయాలి. కోశాక కూడా కొంత విచ్చుకుంటుంది. పూర్తిగా విచ్చింది కోస్తే మధ్యభాగం దూదిలా విడిపోయి రాలిపోతుంది. కొమ్మని పచ్చగా ఉన్న భాగంలోనే కత్తిరించండి, ముదురు చెక్క దాకా వెళ్లొద్దు, పైన చెప్పినట్టు మొదలు నుంచి చిగురించే గుణం దీనికి లేదు. అన్ని పూలూ కోసెయ్యకుండా రెండు మూడు గింజకి వదలండి. ఈ మొక్క ఆయుష్షే కొన్నేళ్లు, అది మీ తప్పు వల్ల పోయింది అనుకోకూడదు. గింజ చేతిలో ఉంటే మళ్లీ మొదలుపెట్టొచ్చు.

కుండీలతోట:

ఆరు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. రాత్రులు చల్లబడే దాకా ఆగి పొగ పెట్టాను. 40 గింజల్లో 11 తాలు తేలాయి. మిగిలిన 29 ట్రేలో వేసి ముప్పావు గంట పొగ పట్టించాను, మూడు రోజుల తర్వాత కూడా ఆ మట్టి దగ్గర ముక్కు పెడితే కాలిన గడ్డి వాసన వచ్చేది. మూడు వారాలు ఏమీ లేదు. 24వ రోజు పొద్దున ఇసుకలో ఒకచోట చిన్న పగులు, మధ్యాహ్నానికి రెండు ఆకులు, ఆవగింజంత. ఇవాళ్టికి 13 ఉన్నాయి, నిన్న కూడా ఒకటి కొత్తగా లేచింది, అందుకని ట్రే కదపట్లేదు.

పాత మొక్క ముద్దని అంగుళం పైకి పెట్టాను. పది రోజులు అలాగే ఉండిపోయింది, ఆశ వదులుకున్నాను కూడా. ఇప్పుడు పైన నాలుగు కొత్త ఆకులు, తెల్లగా, నూగుతో. పూలబుట్ట గారూ, మీ స్ట్రాఫ్లవర్ గింజలు కూడా ఈ సీజన్లో వేస్తున్నాను, దానికైతే కంపోస్టు వేసుకోవచ్చు కదా. మట్టిచేతులు గారూ, మొలకలకి నాలుగేసి ఆకులు వచ్చాక విడి కుండీల్లోకి మార్చొచ్చా, ఇంకా ఆగాలా?

మట్టిచేతులు:

నాలుగు ఆకులకి మార్చొచ్చు. ఆకు పట్టుకుని ఎత్తండి, కాడని నలపొద్దు. కింద వేరు కంటే పొడవుగా చెంచా దింపి మట్టితో సహా తీయండి. కొత్తగా లేస్తున్నవి ఉన్నాయి కాబట్టి ట్రేలో ఒక పక్క నుంచి తీసుకుంటూ రండి, రెండో పక్క ఇంకో నెల అలాగే ఉండనివ్వండి.