మలుపులో ఆటోను వదిలేస్తున్న కాల్మన్ ఫిల్టర్: న్యూరల్ నెట్‌వర్క్ ఎక్కడ పెట్టాలి?

సిల్క్‌బోర్డ్_ట్రాకర్:
అందరికీ నమస్కారం. బెంగళూరు సిల్క్ బోర్డ్ కూడలి దగ్గర తీసిన రాడార్ రికార్డింగులపై వాహనాల ట్రాకింగ్ చేస్తున్నాను. స్థిరవేగ నమూనాతో నడిచే కాల్మన్ ఫిల్టర్ (ముందస్తు అంచనానూ కొత్త కొలతనూ కలిపి వాహనం ఎక్కడుందో లెక్కగట్టే పద్ధతి) బస్సులను చక్కగా పట్టుకుంటోంది గానీ, రెండు బస్సుల సందులోంచి ఆటో ఎడమకు కట్ కొట్టినప్పుడు అంచనా నేరుగా ముందుకు సాగిపోతోంది. ఆ ఆరేడు ఫ్రేముల్లో కొలతకూ అంచనాకూ మధ్య తేడా, అంటే ఇన్నోవేషన్, ఒకే వైపుకు పడుతోంది. ప్రాసెస్ నాయిస్ క్యూను, అంటే చలన నమూనా ఎంత తప్పవచ్చో చెప్పే విలువను, పెంచితే ఆటో దొరుకుతోంది, ఆగి ఉన్న బస్సు వణుకుతోంది. ఫిల్టర్ తీసేసి అంతా ఎల్ఎస్‌టీఎమ్‌కు (వరుస డేటా నుంచి నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్‌కు) అప్పగించవచ్చా?

హెబ్బాళ_రాడార్:
నేను అలా చేసి దెబ్బతిన్నానండీ. ఒక కూడలి డేటాతో నేర్పిన నెట్‌వర్క్ అక్కడ బాగానే ఉండి, హెబ్బాళ ఫ్లైఓవర్ వంపు దగ్గర దారి తప్పింది. అంతకన్నా పెద్ద చిక్కు, తన అంచనాను ఎంత నమ్మాలో అది చెప్పలేదు. ఆ అనిశ్చితి కొలత, అంటే కోవేరియన్స్, లేకపోతే గేటు (ఈ వాహనానివేనని ఒప్పుకునే కొలతల పరిధి) ఎంత వెడల్పు ఉంచాలో తెలియక, పక్క బైక్ కొలతను ఆటోకు అంటగట్టేస్తాం. 1960లో కాల్మన్ ఇచ్చిన చట్రాన్ని ఉంచి, తెలియని భాగాన్నే నెట్‌వర్క్‌కు ఇవ్వండి. ఫిల్టర్‌నూ న్యూరల్ నెట్‌వర్క్‌నూ కలిపిన కాల్మన్‌నెట్‌లో జరిగేది ఇదే: చలన సమీకరణాలు అలాగే ఉంటాయి, గెయిన్‌ను (కొత్త కొలతకు ఎంత బరువు ఇవ్వాలో చెప్పే గుణకాన్ని) మాత్రం ఎల్ఎస్‌టీఎమ్ లాంటిదే అయిన జీఆర్‌యూ నెట్‌వర్క్ నేర్చుకుంటుంది. అయితే అందులో కోవేరియన్స్ నేరుగా చేతికి రాదు కనుక, మీ పనికి క్యూను నేర్పించడమే మేలని నా అభిప్రాయం.

కోరమంగల_కోడర్:
ముందు ఐఎమ్ఎమ్ (ఇంటరాక్టింగ్ మల్టిపుల్ మోడల్) పెట్టి చూడండి. బ్లోమ్, బార్-షాలోమ్ 1988లో ప్రచురించిన ఆ పద్ధతిలో నేరుగా వెళ్లే నమూనా, మలుపు నమూనా పక్కపక్కనే నడుస్తూ, కొలతలకు ఏది దగ్గరగా ఉంటే దానికి బరువు పెరుగుతుంది. ఇన్నోవేషన్ వర్గాన్ని (స్క్వేర్‌ను) దాని కోవేరియన్స్‌తో తూచి చూడడం కూడా మరువకండి. కొలతలో రెండు అంశాలుంటే ఆ విలువ సగటున 2 దగ్గర ఉండాలి. క్యూ పెంచాక బస్సు దగ్గర అది బాగా దిగిపోయిందంటే, ఫిల్టర్ అవసరానికి మించి సందేహిస్తోందన్నమాట.

సిల్క్‌బోర్డ్_ట్రాకర్:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఐఎమ్ఎమ్‌తో మలుపులు చాలావరకు నిలిచాయి, కానీ నమూనా మారేలోపు రెండు మూడు ఫ్రేములు జారుతున్నాయి. అందుకే చివరి పది ఇన్నోవేషన్లను చిన్న జీఆర్‌యూకు ఇచ్చి, ప్రతి ఫ్రేముకూ క్యూను దానితోనే చెప్పించాను. ఇప్పుడు బస్సు కదలడం లేదు, ఆటో తప్పిపోవడం లేదు. మొదట్లో క్యూ రుణాత్మకంగా వచ్చి ఫిల్టర్ కుప్పకూలింది. నెట్‌వర్క్ క్యూకు బదులు దాని లాగరిథమ్‌ను ఇచ్చేలా మార్చాక ఆ బాధ తీరింది.